యంత్రం కొనే ముందు అమరికను సరిదిద్దుకుందాం

గత నెల హోసూరులో జరిగిన మన పత్రభాండారం కార్యవర్గ సమావేశంలో ఒక తీర్మానం వచ్చింది. భాండారంలోని రెండు సర్వర్ల వేగం చాలడంలేదు గనుక మూడో సర్వరు కొనాలనీ, అందుకు సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల నుండి మరొకమారు చందాలు వసూలు చేయాలనీ దాని సారాంశం. హాజరైనవారిలో నేనొక్కడినే అసమ్మతి తెలిపాను. సమావేశ నివేదికలో దానిని రెండు పంక్తులలో నమోదు చేసి సరిపెట్టారు. కారణాలు రెండు పంక్తులలో ఇమిడేవి కావు. పైగా చందా ఇవ్వవలసినవారు కార్యవర్గ సభ్యులు కారు, ఈ పత్రిక చదివే మీరు. అందుచేత నా వాదనను నేరుగా మీ ముందే ఉంచుతున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. నేను న్యాయవాదిని, కంప్యూటరు శాస్త్రం చదివినవాడిని కాను. అయితే వ్యాజ్యాన్నిబట్టి ఒకసారి వైద్యం, మరొకసారి భూమి కొలతలు నేర్చుకోక తప్పని వృత్తి మాది. భాండారం యంత్రాలను చూసుకునే యువకుడి పక్కన రెండు నెలలపాటు సాయంత్రాలు కూర్చుని, ఆలస్యం ఎక్కడ పుడుతున్నదో అదే పద్ధతిలో తెలుసుకున్నాను.

వేగం అక్కరలేదని నేను అనడంలేదు. దాని అవసరం నాకు తెలిసినంతగా మరెవరికీ తెలియకపోవచ్చు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళాన్ని బడులలో తప్పనిసరి పాఠ్యాంశం చేస్తూ చట్టం తెచ్చిన నాటి నుండి, ఫలానా ఊరి బడిలో తెలుగు మాధ్యమం ఎప్పటి నుండి ఉన్నదో కాగితంతో రుజువు చేయవలసిన అగత్యం మాటిమాటికీ వస్తున్నది. బళ్ళారిలోనూ రాయగడలోనూ సిరొంచలోనూ మనవారు పెట్టెలలో దాచుకున్న ప్రవేశ పట్టికలు, బదిలీ పత్రాలు, తాతల నాటి అర్జీల నకళ్ళు అన్నీ ఇందుకే స్కాన్ చేసి ఒకచోట చేర్చాము. ఒక విచారణకు ముందు రాత్రి నాకొక గ్రామ పాఠశాల ప్రవేశ పట్టిక కావలసి వచ్చింది. అది భాండారంలో ఉన్నదని జాబితా చెబుతున్నది. ఫోల్డరు తెరిస్తే మాత్రం తెర మీద చక్రం తిరుగుతూనే ఉన్నది. తెల్లవారింది, పట్టిక తెరుచుకోలేదు. వాయిదా కోరాను. తరువాతి తేదీ మూడు నెలలకు పడింది. ఆ బడి పిల్లలకు ఆ మూడు నెలలు ఎలా గడిచాయో వారి తల్లిదండ్రులు నన్ను ఈనాటికీ అడుగుతారు.

కనుక రోగం ఉన్నదనడంలో వివాదం లేదు. వివాదమంతా మందు గురించే.

మన భాండారంలో రెండు సర్వర్లు ఉన్నవి. వాటి రెంటికీ ఒకే డిస్కుల పెట్టె కలిపి ఉన్నది. ఒక సర్వరు జిల్లాల నుండి వచ్చే స్కాన్లను స్వీకరిస్తుంది. రెండవది మనకు పత్రాలను వెతికి చూపిస్తుంది. రెండూ ఒకే డిస్కు మీద ఒకే సమయంలో వ్రాయగలగాలంటే మామూలు ఫైల్ సిస్టమ్ పనికిరాదు. ఒకటి వ్రాస్తున్నదని రెండవదానికి తెలియక, రెండూ ఒకే చోట వ్రాసి డిస్కునంతా పాడుచేస్తాయి. అట్లా జరగకుండా కాపాడేదే క్లస్టర్ ఫైల్ సిస్టమ్. మనం వాడుతున్నది జీఎఫ్ఎస్2. దీని మూలరూపం 1990ల దశకంలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టింది. తరువాత సిస్టినా అనే సంస్థ చేతిలోకి వెళ్ళింది. ఆ సంస్థను 2003లో రెడ్ హ్యాట్ కొన్నది. కొత్తగా తిరగరాసిన రెండవ రూపం 2006లో లినక్స్ కెర్నెల్ 2.6.19లో చేరింది. ఒక సర్వరు చెడిపోయినా రెండవది పని సాగిస్తుందన్న ధీమాతోనే అప్పట్లో దీనిని ఎంచుకున్నాము. ఆ ధీమా నిజమే. దానికొక మూల్యం ఉన్నదని మాత్రం మనకెవరూ చెప్పలేదు.

ఆ మూల్యం అర్థం కావాలంటే పాతకాలపు తాలూకా కచేరీలోని రికార్డు గదిని తలచుకోండి. అసలు రిజిస్టరు గదిలో ఉంటుంది. ఇద్దరు గుమాస్తాలు. చదవడానికి మాత్రమైతే ఇద్దరూ ఎవరి నకలు వారు బల్ల మీద పెట్టుకుని హాయిగా చదువుకోవచ్చు. ఒకరు అందులో కొత్త పద్దు వ్రాయాలనుకుంటే మాత్రం రెండవవాని నకలు చెల్లదు. దానిని పక్కన పారవేయాలి, మొదటివాడు వ్రాయడం ముగించాలి, వ్రాసినది అసలు రిజిస్టరులోకి ఎక్కాలి, ఆపైన గాని రెండవవాడు మళ్ళీ నకలు తీసుకోకూడదు. జీఎఫ్ఎస్2లో ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ ఇటువంటి తాళం ఒకటి ఉంటుంది. చదివే తాళాన్ని సర్వర్లన్నీ ఏకకాలంలో పట్టుకోవచ్చు. వ్రాసే తాళం ఒక్కదాని దగ్గరే ఉండాలి. ఒక సర్వరు తాళం తీసుకున్నాక, మరొకటి అడిగేదాకా దానిని తనవద్దే అట్టిపెట్టుకుంటుంది. అడిగేవారు లేనంతకాలం పని అతివేగంగా సాగుతుంది, ఎందుకంటే సమాచారమంతా దాని జ్ఞాపకంలోనే ఉంటుంది. అడిగినవెంటనే జ్ఞాపకంలో ఉన్న మార్పులన్నిటినీ డిస్కుకు ఎక్కించి, తన నకలును కొట్టివేసి, తాళం ఇచ్చివేయాలి. ఇచ్చిన మరుక్షణమే తిరిగి కావలసివస్తే మళ్ళీ అదే తతంగం.

ఇప్పుడు మన భాండారం సంగతి చూడండి. అయిదు ప్రాంతాల నుండి వచ్చే ప్రతి స్కానూ 'వచ్చినవి' అనే ఒకే ఫోల్డరులో పడుతుంది. ఫోల్డరులో కొత్త ఫైలు పెట్టడమంటే ఆ ఫోల్డరు మీద వ్రాసే తాళం కావాలి. స్వీకరించే సర్వరు ప్రతి కొద్ది సెకన్లకూ అదే కోరుతుంది. చూపించే సర్వరులోని వెతుకులాట ప్రోగ్రాము, కొత్తవి ఏమైనా వచ్చాయా అని అదే ఫోల్డరును పదేపదే తొంగిచూస్తుంది. దానికి చదివే తాళం కావాలి. చూసి ఊరుకోదు, కొత్తది కనిపిస్తే దానిని మరో ఫోల్డరుకు తరలిస్తుంది. అప్పుడు దానికీ వ్రాసే తాళమే కావాలి. రెండు సర్వర్లూ పగలంతా చేసిన పని ఏమిటంటే ఒకే తాళాన్ని ఒకదానికొకటి అందించుకోవడం. ప్రాసెసరు ఖాళీగా ఉన్నది, నెట్‌వర్కు ఖాళీగా ఉన్నది, పత్రం మాత్రం తెరుచుకోదు. గ్లాక్‌టాప్ అనే ఉపకరణాన్ని నడిపి చూసిన రోజున తెర మీద వేచి ఉన్న అభ్యర్థనల వరుసలో ఎప్పుడు చూసినా అదే ఫోల్డరు కనిపించింది. ఆ యువకుడు "అన్నా, ఇద్దరం ఒకే కలంతో వ్రాస్తున్నట్టుంది" అన్నాడు. నేను మూడు పేజీలలో చెప్పే మాట అది.

దీనికి చేసిన చికిత్స పైసా ఖర్చు లేనిది. జిల్లాకొక ఫోల్డరు, అందులో రోజుకొక ఫోల్డరు ఏర్పరిచాము. ఆ రోజు పని పూర్తయ్యేదాకా దానిలోకి స్వీకరించే సర్వరు తప్ప మరేదీ తొంగిచూడదు. రాత్రి కట్ట పూర్తి కాగానే ఒక్కసారి అప్పగింత జరుగుతుంది. ఆపైన దానిలో ఎవరూ వ్రాయరు, అందరూ చదవడమే. రోజుకు వేలసార్లు చేతులు మారిన తాళం ఇప్పుడు ఫోల్డరుకు ఒకసారి మారుతున్నది. నా కేసు ఆగిపోయిన ఆ పట్టిక ఇప్పుడు టీ చల్లారేలోగా తెరుచుకుంటున్నది.

రెండవ తప్పు మా బోటివాళ్ళ అలవాటులో ఉన్నది. ఫోల్డరులోని పేర్లు మాత్రం అడిగితే ఒక్క ఫోల్డరు తాళంతో పని జరుగుతుంది. ప్రతి ఫైలు పరిమాణం, తేదీ కూడా చూపమంటే అందులోని ప్రతి ఫైలు తాళమూ విడివిడిగా కావాలి. పేర్లను రంగులలో చూపే జాబితా కూడా లోలోపల అదే పని చేస్తుంది. వేల ఫైళ్ళున్న ఫోల్డరులో అది ఎంత బరువో ఊహించండి. పత్రం దొరకలేదని విసిగి మళ్ళీ మళ్ళీ జాబితా తెరిచిన నేను, అందరికన్నా ఎక్కువగా భాండారాన్ని నిలువరించినవాడినని తెలిసి సిగ్గుపడ్డాను.

ఇక రాత్రి బ్యాకప్. అది మొత్తం డిస్కునంతా ఒకే సర్వరు నుండి చదివేది. తెల్లవారేసరికి ఫైళ్ళ తాళాలన్నీ ఆ సర్వరు వద్ద పోగుపడి ఉండేవి. ఉదయం రెండవ సర్వరులో పని మొదలుపెట్టినవారు ఒక్కొక్క తాళాన్నే అడిగి తెచ్చుకోవలసి వచ్చేది. ఉదయం పూట యంత్రం మరీ మందమని మనవాళ్ళు అనడం వెనుక కారణం ఇదే. ఇప్పుడు ఏ సర్వరు వాడే భాగాన్ని ఆ సర్వరే బ్యాకప్ చేస్తున్నది. అది కుదరని చోట, బ్యాకప్ ముగియగానే ఆ సర్వరు జ్ఞాపకంలో పోగైనదాన్ని ఖాళీ చేయిస్తే తాళాలు విడుదలవుతాయి.

ఫైలు చివరిసారి ఎప్పుడు చదివారో వ్రాసిపెట్టే నమోదును 'నోఎటైమ్' అనే ఐచ్ఛికంతో ఆపించాము. చదవడానికి వచ్చినవాడు వ్రాసే తాళం అడగడం విడ్డూరం కదా. 2009 నుండి లినక్సు ఈ నమోదును ప్రతిసారీ చేయకుండా తగ్గించినా, మన అవసరానికి అదీ దండగే. డిస్కు 85 శాతం దాటి నిండితే ఖాళీ స్థలం వెతకడానికే కాలం వృథా అవుతుందని తెలిసి, రెండుమూడుసార్లు స్కాన్ అయిన నకళ్ళను తొలగించాము.

ఇప్పుడు తీర్మానం సంగతి. మూడో సర్వరు వస్తే ఏమి జరుగుతుంది? ఒకే తాళం కోసం ఇద్దరికి బదులు ముగ్గురు నిలబడతారు. పాత అమరికను అలాగే ఉంచి యంత్రాన్ని చేర్చితే వేగం తగ్గవచ్చునే గాని పెరగదు. సరకు అమ్మజూపిన సంస్థ ప్రతినిధి సమావేశంలో చూపిన అంకెలన్నీ డిస్కు ఎంత వేగంగా చదవగలదన్నవే. తాళం చేతులు మారడానికి ఎంత కాలం పడుతున్నదని అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. న్యాయంగా ఒక మాట చెప్పాలి. వేగమైన డిస్కులు కొంత మేలు చేస్తాయి, ఎందుకంటే తాళం ఇచ్చే ముందు మార్పులు డిస్కుకు ఎక్కాలి, ఆ ఎక్కింపు త్వరగా జరుగుతుంది. అయితే వెయ్యిసార్లు జరిగే అనవసరపు అప్పగింతను వేగిరపరచడం కన్నా, దానిని ఒక్కసారికి తగ్గించడం ముందు జరగవలసిన పని. ఆ పని జరిగాక కూడా డిస్కు చాలకపోతే అప్పుడు డిస్కు గురించి మాట్లాడుదాం.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని గురించి గట్టిగా చెప్పాలి. వేగం కోసం తాళాలనే తీసివేయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. అటువంటి ఐచ్ఛికాలు ఉన్న మాట నిజం. ప్రోగ్రాములు పెట్టే తాళాలు ఆ ఒక్క సర్వరుకే పరిమితమయ్యేలా చేయవచ్చు. అసలు తాళపు వ్యవస్థే లేకుండా ఫైల్ సిస్టమును తగిలించవచ్చు. స్పందించని సర్వరును బలవంతంగా వెలివేసే ఏర్పాటును, ఫెన్సింగ్ అంటారు, నిలిపివేయవచ్చు. చేసిన రోజున యంత్రం పరుగెత్తుతుంది. కాని ఎదుటి కక్షిదారుకు నోటీసు ఇవ్వకుండా ఇచ్చిన డిక్రీ ఎంత త్వరగా వచ్చినా అది నిలవదు. తాళం లేకుండా రెండు సర్వర్లు వ్రాసిన డిస్కు కూడా అంతే. పాడైన సంగతి ఆరు నెలల తరువాత, కావలసిన పత్రం తెరిచిన రోజున గాని తెలియదు. ఆ పాటికి అసలు కాగితాన్ని ఆ ఇంటి చెదలు తినివేసి ఉంటుంది.

అన్ని ఐచ్ఛికాలూ ప్రమాదకరం కావు. ప్రోగ్రాములు స్వయంగా కోరే తాళాలకు పాత సంచికలలో సెకనుకు 100 అనే పరిమితి విధించి ఉండేది. నెట్‌వర్కు నిండిపోకుండా పెట్టిన జాగ్రత్త అది. తాళాల వేగాన్ని కొలిచే పింగ్‌పాంగ్ అనే చిన్న ప్రోగ్రాముతో పరీక్షిస్తే అంకె సరిగ్గా 100 దగ్గర ఆగిపోవడం చూసి, లోపం ఎక్కడున్నదో తెలియక తికమకపడినవారు ఎందరో. ఆ పరిమితిని ఎత్తివేయడం వల్ల భద్రతకు భంగం లేదు. తరువాతి సంచికలలో వారే ఎత్తివేశారు. ఏది భద్రతను కాపాడే గోడ, ఏది వట్టి అడ్డుకర్ర అన్నది తెలియకుండా ఎవరో ఇచ్చిన పట్టికను ఉన్నదున్నట్టు అమలు చేయడం నాకు సమ్మతం కాదు.

మరొక సలహా నన్ను ఎక్కువగా బాధించింది. ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టడం వల్లనే యంత్రం మందగించిందనీ, ఇకమీదట పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాలలో పెట్టాలనీ ఒకరు సూచించారు. ఇందులో సత్యం ఎంత? ఫైలు పేరుకు జీఎఫ్ఎస్2 ఇచ్చే గరిష్ఠ పరిమితి 255 బైట్లు. దానిని అక్షరాలలో గాక బైట్లలో లెక్కిస్తారు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ 3 బైట్ల చొప్పున కావాలి. 'కృష్ణగిరి' అని ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తే 11 బైట్లు, మన లిపిలో వ్రాస్తే 27. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే 18 బైట్లు. అంటే వారికి 255 గుర్తులు దక్కే చోట మనకు దక్కేది 85. ఊరు, బడి, సంవత్సరం, తరగతి, దాత పేరు అన్నీ ఫైలు పేరులోనే కుక్కిన మన కార్యకర్తలకు కొన్ని పేర్లు తిరస్కరింపబడిన కారణం ఇదే. పొడుగు పేర్లు ఫోల్డరులో ఎక్కువ చోటు ఆక్రమిస్తాయన్నదీ నిజమే. అయితే మన ఆలస్యం అక్కడ లేదు. అది తాళంలో ఉన్నదని పైన చూపాను. పేర్లు మార్చకుండానే వేగం వచ్చింది. ఊరి పేరు, బడి పేరు తెలుగులోనే ఉంచి, మిగిలిన వివరాలను సూచికలోకి మార్చితే పరిమితిలో సులభంగా ఇముడుతుంది. మన పత్రాల పేర్లనే మన లిపిలో వ్రాసుకోలేని భాండారం ఎవరి కోసమో ఆ సలహా ఇచ్చినవారే చెప్పాలి.

చివరగా, కార్యవర్గం ఇంతవరకూ చర్చించని ప్రశ్న ఒకటున్నది. అసలు మనకు క్లస్టర్ ఫైల్ సిస్టమ్ అవసరమా? రెడ్ హ్యాట్ సంస్థ 2025లో విడుదల చేసిన తన లినక్స్ 10వ సంచికలో జీఎఫ్ఎస్2 ఉండే అదనపు భాగాన్ని వదిలివేసింది. కెర్నెల్లో అది ఇంకా ఉన్నది, 9వ సంచిక వాడేవారికి గడువూ ఉన్నది. కాని ఇవాళ కొనే మూడో సర్వరును ఈ పద్ధతి మీదనే కట్టడం ఎంతవరకు వివేకం? మన పత్రాలు ఒకసారి వచ్చి చేరితే మారవు. ఒకే సర్వరు వ్రాసి, రెండవది దాని ద్వారానే చదివి, ప్రతి రాత్రి ఒక నకలు యానాంలో మరొక యంత్రానికి చేరితే సరిపోతుందేమో. అక్కడ తాళాల తగాదాయే ఉండదు. ఒక సర్వరు పోయిననాడు కొన్ని గంటలు పని ఆగుతుంది. ఆ కొన్ని గంటలను భరించగలమా అన్నది ఇంజనీరు తేల్చేది కాదు, పత్రాలు ఇచ్చిన కుటుంబాలూ వాటిని వాడే మాబోటి వారూ కూర్చుని తేల్చుకోవలసినది.

వచ్చే సమావేశంలో నేను ప్రవేశపెట్టబోయే సవరణ ఇది. కొత్త అమరికను పూర్తిగా ఒక నెల నడపాలి. ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం ఒక పత్రం తెరవడానికి పట్టిన సెకన్లను, వేచి ఉన్న తాళాల సంఖ్యను పుస్తకంలో నమోదు చేయాలి. ఆ పుస్తకాన్ని ఈ పత్రికలో అచ్చువేయాలి. అప్పటిదాకా ఏ జిల్లాలోనూ రసీదు పుస్తకం తెరవరాదు. ఆ అంకెలు చూశాక కూడా యంత్రం అవసరమని తేలితే, మొదటి రసీదు నా పేరిట వ్రాయండి.